నీళ్ళకు తట్టుకునే వాచీ

చినవాల్తేరులోని ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చి ఆరు నెలలైనా, సాయంత్రమయ్యేసరికి జయశీలకు కాలు ఒకచోట నిలిచేది కాదు. సవతి కొడుకు జ్ఞానశేఖర్ బడి నుంచి ఎప్పుడొస్తాడో చెప్పలేం. పదకొండేళ్ళవాడు. ఒకరోజు ఐదింటికి వస్తే, మరో రోజు దీపాలు పెట్టాక వస్తాడు.

"ఇంతసేపూ ఎక్కడున్నావురా?" అని అడిగితే, "టైమెంతయిందో నాకేటి తెలుస్తాది ఆంటీ!" అనేవాడు.

ఎక్కడికి వెళుతున్నాడో ఆమెకు తెలుసు. ఉతకడానికి తీసిన నిక్కరు అంచుల్లో ఇసుక ఉండేది. తల దువ్వబోతే మెడ మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి కనపడేది. జాలారిపేట పిల్లలతో సముద్రంలో దిగుతున్నాడు. వాడి నాన్న సుందర్ రాజ్ చూస్తే చీరేస్తాడు. తెల్లారకముందే కూర్మన్నపాలెం బస్సెక్కి, ఉక్కు ఫ్యాక్టరీ కట్టే చోట వెల్డింగ్ పనికి పోయే మనిషి. కొడుకు సముద్రం వైపు చూసినా ఒప్పుకోడు. చెబితే పిల్లాడికి దెబ్బలు. చెప్పకపోతే, రేపు జరగరానిది జరిగితే, కన్నతల్లి కాదు కాబట్టే ఊరుకుందంటారు. ఈ రెండింటి మధ్యా ఆమెకు ముద్ద దిగేది కాదు.

చివరికి ఒక శనివారం, ఆస్పత్రిలో తన నర్సు డ్యూటీ దిగగానే, వాణ్ణి వెంటబెట్టుకుని జగదాంబ సెంటర్లో వాచీల కొట్టుకు వెళ్ళింది.

కొట్టు యజమాని శ్రీరామ్మూర్తి ముందుగా బొమ్మల వాచీ తీశాడు. శేఖర్ దాన్ని ముట్టుకోనైనా లేదు. వాడి కళ్ళు నల్ల ఎలక్ట్రానిక్ వాచీ మీదే ఉన్నాయి. మీట నొక్కితే లోపల లైటు వెలుగుతుంది.

"సింగపూర్ సరుకు బాబూ. ఓడలోంచి దిగింది," అన్నాడు శ్రీరామ్మూర్తి. "నీళ్ళు మాత్రం తగలనివ్వకు. తగిలిందంటే అంకెలు కనపడవు."

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జయశీల అది చూసింది.

"నీళ్ళల్లో మునిగినా ఏటీ అవని వాచీ ఉందా అండీ? ఉప్పునీళ్ళల్లో?"

శేఖర్ ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూశాడు.

"పిల్లడు ఈత కొడతాడేటమ్మా?"

"కొడతాడు," అంది.

అతను లోపలి నుంచి మరో వాచీ తెచ్చాడు. బరువుగా, పెద్దవాళ్ళు పెట్టుకునేలా ఉంది. నీళ్ళు పోకుండా వెనక మూత మరతో బిగించి ఉంది. ఆ సన్నటి చేతికి బెల్టు ఎంత లాగినా జారిపోతుంటే ఇంకో మూడు చిల్లులు వేయించింది.

తిరుగు బస్సులో వాడు నెమ్మదిగా అడిగాడు. "నాన్నకి సెప్పీస్తావా?"

"నువ్వే సెప్పాల. అందాకా ఆరింటికల్లా ఇంట్లో ఉండు. నానేటీ అనను."

వారం రోజులు ఆరు కాకముందే వచ్చాడు. ఆ తరవాత ఒక రోజు ఆరు దాటింది. జయశీల గుమ్మంలోకి వెళ్ళింది, పొయ్యి దగ్గరికి వచ్చింది, వీధి చివరిదాకా వెళ్ళి చూసింది. ఇక ఆగలేక చెప్పులు వేసుకుని జాలారిపేట ఒడ్డుకు దాదాపు పరుగెత్తింది.

పడవ చాటున వాడి చొక్కా కనిపించింది. కింద బూట్లు. ఒక బూటులో వాచీ. కెరటాలు ఎత్తుగా విరుగుతున్నాయి. నీళ్ళల్లో కనుచూపు మేరలో ఒక్క తల కూడా లేదు.

"శేఖరూ!"

చీరతోనే నడుము లోతు దిగిపోయింది. వలలు సర్దుకుంటున్న నూకాలు అనే ముసలావిడ పరుగున వచ్చి జబ్బ పట్టుకుంది.

"ఓలమ్మ, ఎక్కడికెలిపోతన్నావు? నీ బిడ్డా? మా మనవడు ఎల్లారావుతో తెప్ప మీద ఎల్లాడు. అదిగో, వత్తన్నారు."

కెరటం మీద తేలుతూ తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది. శేఖర్ నవ్వుతూ దూకాడు. ఆమెను చూసి నవ్వు ఆపేశాడు. అంతవరకూ వాడి మీద చెయ్యెత్తడానికి జంకిన జయశీల వీపు మీద ఒక్కటిచ్చింది. మరుక్షణం గట్టిగా పొదువుకుంది.

"వాచీ ఎందుకు తీశావురా?"

"కొత్తది కదా. తడిస్తే పాడైపోద్దని తీసీసాను."

ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర సుందర్ రాజ్ నిలబడి ఉన్నాడు. తడిసిన భార్యనూ కొడుకునూ మార్చి మార్చి చూశాడు.

"ఏటిది?"

"నానే ఎల్లమన్నాను," అంది జయశీల.

"కాదు నాన్నా! నానే సెప్పకుండా ఎల్లాను. సానాళ్ళబట్టీ ఎల్తన్నాను. ఆంటీని ఏటీ అనకు."

ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటే ఎవర్ని తిట్టాలో అతనికి తోచలేదు. అరుగు మీద కూలబడ్డాడు. ఆ రాత్రి పడుకోబోతూ జయశీలను అడిగాడు. "ఎంత దూరం ఎల్తాడు?"

ఆదివారం చర్చి నుంచి ముగ్గురూ తిన్నగా ఒడ్డుకే వెళ్ళారు. శేఖర్ ఈసారి వాచీతోనే నీళ్ళలోకి ఉరికాడు. సుందర్ రాజ్ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, అలలు వచ్చిపోయే చోట అటూ ఇటూ తిరుగుతూ, "ఒరే, అటెల్లకు! ఇంకా లోపలికేటిరా!" అని అరుస్తూనే ఉన్నాడు. జయశీల ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.