రెండు వందల పన్నెండో పేజీ

సోమలింగానికి లెక్కల పుస్తకాల పిచ్చి ఎట్లా పట్టిందో సూరత్‌లోని లింబాయత్ బస్తీలో చాలామందికి తెలియదు. సిరిసిల్ల పక్క పల్లెలో ఇంటర్ దాకా చదివి, పందొమ్మిదో ఏట సూరత్ రైలెక్కినవాడు. మొదట మగ్గాలు నడిపాడు. తర్వాత ఊరి బయట పల్సానాలో రంగుల మిల్లుకు మారాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన కొలువు స్టెంటర్ దగ్గరే. రంగేసిన గుడ్డ ఆ పొడవాటి యంత్రంలోకి తడితడిగా వెళ్లి, వేడిగాలికి ఆరి, ముడత లేకుండా బయటికొస్తుంది. వేడి ఎక్కువైతే గుడ్డ పసుపెక్కుతుంది, తక్కువైతే వెడల్పు నిలవదు. ఈ వేడి గుడ్డలోకి ఎట్లా పాకుతుందని మేనేజరును అడిగితే, నీకెందుకోయ్ అన్నాడు. ఆ వారమే సోమలింగం పాత కాగితాల దుకాణంలో, తూకానికి పోతున్న ఓ ఇంగ్లీషు పుస్తకం కొనుక్కొచ్చాడు. దానికి అట్ట లేదు. మొదటి ఇరవై పేజీలూ లేవు. నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని మూడేళ్లు చదివాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే చేరి పదకొండయ్యాయి. వేడి లెక్కలు, నీటి ప్రవాహం లెక్కలు, కంప్యూటరుతో పెద్ద పెద్ద సమీకరణాలు సాధించే పద్ధతులు. కంప్యూటరును మాత్రం ఆయన ఎన్నడూ ముట్టలేదు. అది చేసే పనినంతా నోటుబుక్కులో పెన్సిలుతో చేసేవాడు.

ఒక్కగానొక్క కూతురు నవతకు లెక్కలు నేర్పింది ఆయనే. పదో తరగతి వరకు ఆ పిల్లకు బాపు కన్నా తెలివైనవాడు లోకంలో లేడు. ఎమ్మెస్సీలో చేరాక సంగతి మారింది. స్నేహితురాళ్లు ఇంటికొస్తే పుస్తకాల అర మీద తువ్వాలు కప్పేది. మిల్లు బట్టలతో, వేళ్లకు రంగుతో బాపు వచ్చి వాళ్ల మధ్య కూర్చుని సమీకరణాల మాట ఎత్తుతాడేమోనని భయపడేది.

ఆమె కాలేజీలో లెక్కల విభాగానికి పెద్ద నరహరి. హనుమకొండ మనిషి. ఆయన రాసిన ఆరు వందల పేజీల పుస్తకం ఆ ఏడే అచ్చయింది. కంప్యూటరు లెక్కల మీద మన తెలుగువాడు రాసిన పుస్తకమని లింబాయత్ తెలుగు సమాజం మురిసిపోయింది. నవత దాన్ని ఇంటికి తెచ్చిన రోజు సోమలింగం చేతులు రెండుసార్లు కడుక్కుని గాని ముట్టలేదు.

నెల తిరక్కముందే ఓ ఆదివారం పొద్దున కూతుర్ని పిలిచాడు.

"బిడ్డా, జర గిటు రా. రెండొందల పన్నెండో పేజీల తప్పు పడ్డది."

ఆ పేజీలో ఉన్నది ఇనుప కడ్డీలో వేడి పాకే లెక్క. కాలాన్ని చిన్న చిన్న అంగలుగా కోసి, ఒక్కో అంగకు కడ్డీ ఎక్కడెక్కడ ఎంత వేడిగా ఉందో లెక్కగడతారు. అంగ మరీ పెద్దదైతే లెక్క చెడుతుంది. అందుకని దానికో హద్దుంటుంది. పుస్తకంలో ఆ హద్దు ఒకటి అని ఉంది.

"ఒకటి కాదు, సగం ఉండాలె," అన్నాడు సోమలింగం, నోటుబుక్కు చూపిస్తూ. "సూడు, కడ్డీ రెండు కొసలు మంచుల పెట్టిన. నడిమిట్ల నూరు డిగ్రీలు. సార్ చెప్పిన లెక్కనే చేస్తే మొదటి అంగకు మైనస్ నూరు వచ్చింది. రెండో అంగకు మూడొందలు. మూడో అంగకు మైనస్ ఏడొందలు. మంచుల పెట్టిన కడ్డీ మూడొందలు ఎట్ల కాగుతది బిడ్డా?"

"అచ్చు తప్పయి ఉంటది. ఛోడో నా, బాపూ."

"అచ్చు తప్పు కాదు. ఎనుక ప్రోగ్రాముల గూడ ఒకటే పెట్టిండు. గది సూసి పోరగాళ్లు నేర్సుకుంటే ఎట్ల?"

నవత మర్నాడు కాలేజీ ల్యాబులో ఆ ప్రోగ్రామును ఉన్నదున్నట్టు నడిపింది. నలభై అంగలు తిరిగేసరికి అంకెలు తెరలో పట్టకుండా పోయాయి. బాపు చెప్పిందే నిజం. ఆమె తెర ఆర్పేసి ఇంటికొచ్చి, ఏమీ చూడలేదన్నట్టు అన్నం తిన్నది. ముంబైలో ఓ పరిశోధనా సంస్థలో కొలువుకు ఆ ఏడు కాలేజీ నుంచి ఒక్కరిని పంపుతారు. ఆ ఒక్కరి పేరు రాసేది నరహరి సారే.

సోమలింగం మాత్రం ఊరుకోలేదు. 'గౌరవనీయులైన సారు గారికి' అని మొదలుపెట్టి, తెలుగులో రెండు పేజీల ఉత్తరం రాసి కాలేజీ చిరునామాకు పోస్టు చేశాడు. కూతురికి చెప్పలేదు.

పది రోజులకు నరహరి నవతను తన గదికి పిలిచాడు. ఉత్తరం బల్ల మీద విప్పి ఉంది.

"మీ నాన్న లెక్క కరెక్టే," అన్నాడు ఆయన నెమ్మదిగా. "నేనూ చేసి చూశాను. రెండో ముద్రణలో దిద్దుకుంటాను. అది కాదు సమస్య. మీ నాన్న ఎవరితో అన్నాడో ఏమో, మిల్లులో గుడ్డలు ఆరబెట్టే మనిషి నా పుస్తకంలో తప్పు పట్టాడని సమాజంలో అప్పుడే గుసగుసలు మొదలైనయి. సమాజం పెద్ద గంగారాం గారు నిన్న ఫోను చేసి నవ్విండు. నన్ను చూసి నవ్విండమ్మా."

నవత తల వంచుకుంది.

"ఆదివారం సమాజం హాలులో నాకు సన్మానం. మీ నాన్నను తీసుకురా. నువ్వు తెలివైన పిల్లవు, ఇంతకన్నా చెప్పక్కరలేదు. ముంబైకి పేరు సోమవారం పంపాలి."

సారు రమ్మన్నాడని చెప్పగానే సోమలింగం ముఖం వెలిగిపోయింది. పెళ్లిళ్లకు తొడిగే తెల్ల చొక్కా తీయించాడు. భార్య స్వరాజ్యం ఇస్త్రీ చేస్తుంటే పక్కనే నిలబడి, "కాలర్ మంచిగ చెయ్యి, స్టేజీ మీదికి పిలుస్తరేమో," అన్నాడు. నవత ఆ మాట విన్నది. వద్దు బాపూ అనడానికి ఆమెకు శనివారం పొద్దంతా ఉంది, ఆదివారం పొద్దున కూడా ఉంది. అనలేదు.

హాలు నిండిపోయింది. గంగారాం నరహరికి శాలువా కప్పాడు. నరహరి మైకు ముందుకొచ్చి, అందరికీ దండం పెట్టి, నవ్వుతూ అన్నాడు.

"మన సోమలింగమన్న నా పుస్తకంలో తప్పు పట్టిండట. పెద్దమనిషి. పైకి రావాలె."

చప్పట్లు పడ్డాయి. సోమలింగం నోటుబుక్కు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు.

"ముందు ఆ పేజీలో మొదటి వాక్యం చదువన్నా. అందరూ వింటరు."

సోమలింగం పుస్తకం అందుకున్నాడు. ఆ ఇంగ్లీషు మాటలు వేలసార్లు చూసినవే. కానీ ఒక్కటీ ఎవరి నోటా వినలేదు. ఎవరితోనూ అనలేదు. తడుముకుంటూ మొదలుపెట్టాడు.

"ద... ఫినిట్ డిఫరెన్స్..."

"ఏందన్నా? ఫినిట్టా, ఫినాయిలా?"

హాలు గొల్లుమంది. ముందు వరసలో మిల్లు తోటివాడు నర్సింగం పొట్ట పట్టుకుని నవ్వాడు. సోమలింగం కూడా నవ్వబోయాడు, నవ్వాలేమో అనుకుని. పెదవులు విచ్చుకోలేదు.

"అది ఫైనైట్ అన్నా. పలకనీకి రాని మాటలో తప్పు ఎట్ల దొరికింది నీకు? పోనీ, మనమెందుకు కొట్లాడుడు. నీ బిడ్డ నా దగ్గరే చదువుతది. ఆమెనే అడుగుదాం. నవతా, రామ్మా. పుస్తకం కరెక్టా, మీ నాన్న కరెక్టా?"

నవత లేచింది. మెట్లు ఎక్కేటప్పుడు బాపు ముఖం చూడలేదు. బాపుకు మాత్రం ధైర్యమొచ్చింది. కూతురు వచ్చింది, ఇక తాను చెప్పలేనిది అది చెబుతుంది. ఆమె దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగి నోటుబుక్కు చేతికివ్వబోయాడు. ఆమె అందుకోలేదు.

"పుస్తకమే కరెక్ట్ సార్. బాపు గుణకారంలో పొరపాటు పడ్డడు."

"నోటితో అంటే ఎట్ల? బోర్డు మీద చెయ్యి," అన్నాడు నరహరి, స్టేజీ మీద ముందే పెట్టించిన నల్లబల్ల చూపిస్తూ.

చాక్‌పీసు తీసుకుంది. నడుమ నూరు, పక్కల సున్నాలు రాసింది. నూరును రెండుతో గుణించి తీసేయాల్సిన చోట ఆ రెండును వదిలేసింది. నూట్లోంచి నూరు పోయి సున్నా మిగిలింది. మైనస్ రాలేదు. చూసేవాళ్లకు ఎంతో శుభ్రంగా ఉంది.

సోమలింగం బోర్డుకు రెండడుగుల దూరంలో, కూతురి వెనక నిలబడి చూశాడు. రెండు లేదు. మొదట మరిచిపోయిందనుకున్నాడు. "బిడ్డా, ఆడ రెండు..." అని వేలెత్తాడు. నవత చెయ్యి ఆగింది, కానీ వెనక్కి తిరగలేదు. ఆమె మెడ మీద చెమట పట్టడం ఆయనకు కనిపించింది. ఇరవై మూడేళ్లుగా ఎరిగిన మెడ. ఆయనకు అర్థమైంది. వేలు దించుకున్నాడు.

"అవును," అన్నాడు మైకులో. "నాదే తప్పు. సారు జర మాఫ్ చెయ్యాలె."

నరహరి ఆయన్ను కౌగిలించుకున్నాడు. ఫోటోలు తీశారు. తన భుజం మీది శాలువా తీసి సోమలింగానికే కప్పాడు. ఎంత పెద్ద మనసు అని జనం అనుకున్నారు.

మర్నాటి నుంచి మిల్లులో సోమలింగం పేరు ఫినాయిల్ సార్. స్టెంటర్ ఆగితే ఫినాయిల్ సార్‌ను పిలవండి. పాయిఖానా కంపు కొడితే ఫినాయిల్ సార్‌ను పిలవండి. పిలిచినప్పుడల్లా ఆయన వెళ్లాడు. ఇంట్లో మాత్రం పదకొండు పుస్తకాలనూ గోనెసంచిలో వేసి, కొన్న దుకాణంలోనే తూకానికి ఇచ్చేశాడు. స్వరాజ్యం ఏడ్చింది. "నీకేమైందయ్యా, తిండి మానేసి కొనుక్కున్నవ్ గద," అంటే, "జాగ లేదు, పిల్ల బట్టలు పెట్టుకుంటది," అన్నాడు.

నవత పేరు సోమవారమే ముంబైకి వెళ్లింది. రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఆమె బయలుదేరే వారంలోనే పుస్తకం రెండో ముద్రణ కూడా వచ్చింది. రెండు వందల పన్నెండో పేజీలో ఇప్పుడు సగం అని ఉంది. ముందుమాటలో ఒక వాక్యం కొత్తగా చేరింది. ఈ సవరణ సూచించిన నా విద్యార్థిని నవతకు కృతజ్ఞతలు.

ఆ పేజీ చూశాక ఆమె రెండు రోజులు పుస్తకాన్ని బట్టల పెట్టెలో దాచింది. మూడో రోజు పొద్దున, బాపు మిల్లు బస్సుకు తయారవుతుంటే పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చదివాడు. నిదానంగా, ప్రతి మాట మీదా వేలు పెట్టి చదివాడు.

"బాపూ, నేను అందరికీ చెప్తా. సమాజంల గంగారాం చాచాకు చెప్తా, కాలేజీల చెప్తా. ముంబై నక్కో నాకు."

"చెప్తే ఏమైతది?"

"నిజం తెలుస్తది."

"నాకు తెల్సు నిజం. నీకు తెల్సు. నీ సార్‌కు తెల్సు. ఇంకెవలికి గావాలె?" సోమలింగం చెప్పులు తొడుక్కున్నాడు. గొంతు పెంచలేదు. "చెప్తే నా పరువు తిరిగి రాదు. నీ కొలువు పోతది, గంతే. నువ్వు నా కోసం చెప్త అంటలేవు బిడ్డా. నీ కడుపుల బరువు దించుకుందామని అంటున్నవ్. గది నీదే. మోసుకో."

ఆమె కాళ్ల మీద పడబోతే ఆయన పక్కకు తప్పుకుని బయటికి నడిచాడు. సందు చివర మిల్లు బస్సు హారన్ కొడుతోంది.

నవత ముంబై వెళ్లి ఇప్పటికి ఏడాదిన్నర. ప్రతి ఆదివారం పొద్దున ఫోను చేస్తుంది. స్వరాజ్యం కాసేపు మాట్లాడి ఆయనకిస్తుంది. వాన పడుతుందా, తిన్నవా, జ్వరం తగ్గిందా అని అడుగుతాడు. మంచిగానే మాట్లాడతాడు. ఓ వారం ఆమెకు నిజంగానే ఒక లెక్క కుదరలేదు. గుండ్రటి గొట్టంలో వేడి పాకే లెక్క. ఆఫీసులో ఎవరికీ అంతుపట్టలేదు. ఫోనులో చెప్పడం మొదలుపెట్టింది. గొట్టం ఎంత మందం, లోపల ఎంత వేడి, బయట ఎంత, తాను ఎక్కడ ఆగిపోయిందీ అంతా చెప్పింది. అటువైపు బాపు చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒకసారి ఊపిరి లోపలికి తీసుకున్నాడు, ఏదో అనబోతున్నట్టు. నవత ఆగి ఎదురుచూసింది.

"నాకేం తెల్సు బిడ్డా," అన్నాడు. "మీ సార్‌ను అడుగు."

ఫోను స్వరాజ్యం చేతికిచ్చి, మొహం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లాడు.