పగవాడితో ఒకే పాటల పుస్తకం

హఫోకాకి దేవుడితో ఏ పేచీ లేదు. పేచీ అంతా పక్కింటి మఫీతోనే. మూడేళ్ల కిందట మఫీ పంది కంచె దూరి హఫోకా పెండలం తోటంతా తవ్విపోసింది. తప్పైందని అనాల్సిన చోట మఫీ, పందికి పది ఆజ్ఞలు తెలియవుగా అన్నాడు. ఆ రోజుతో మాటలు బంద్.

అయినా ప్రతి ఆదివారం చర్చిలో ఇద్దరూ భుజాలు రాసుకుంటూ నిలబడక తప్పేది కాదు. పసిఫిక్ సముద్రంలోని ఆ టోంగా దీవి ఊళ్లో ఆదివారం కొట్టు తెరవరు, పడవ కదలదు, చేపలక్కూడా సెలవే. ఇంట్లో కూర్చుంటే అక్క లోసే ప్రసంగం మొదలుపెడుతుంది. అది పాస్టరుగారి ప్రసంగం కన్నా పొడుగు. పైగా పాటల బృందంలో మంద్రంగా పాడే బాసు గొంతులు రెండే, పుస్తకం ఒక్కటే. చెరో అంచూ పట్టుకునేవారు, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు. పొరుగువాణ్ణి ప్రేమించమని పాస్టరుగారు ముప్పావుగంట చెప్పేవారు. ఆయనకేం, ఆయనింటికి రెండు పక్కలా సమాధులే కదా అనుకునేవాడు హఫోకా.

వానాకాలంలో మఫీ భార్య సలోటె పోయింది. ఊరంతా నల్లబట్టలు కట్టి సాగనంపింది. ఆ తర్వాత మఫీ చర్చికి రావడం మానేశాడు.

మొదటి ఆదివారం పుస్తకం మొత్తం హఫోకాదే. హాయిగా ఉండాల్సింది. కానీ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ మఫీ గొంతు నడుస్తుండగా ఇతను ఊపిరి పీల్చేవాడు, ఇతను పాడుతుండగా అతను. రెండో చరణంలో బాసు చటుక్కున ఆగిపోయింది. ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. మరుసటి ఆదివారం కూడా అదే వరస. "పగవాడు పక్కన లేకపోతే నీకు గొంతు లేవదేంట్రా?" అంది లోసే.

మూడో ఆదివారం చర్చి మొదటి గంట మోగగానే హఫోకా, చర్చికెళ్లే ఆచారం ప్రకారం నడుముకి చాప చుట్టుకుని నేరుగా మఫీ ఇంటికెళ్లాడు. మఫీ గడ్డం మాసి మెట్లమీద కూర్చున్నాడు.

"నేన్రాను. అక్కడ దేవుడున్నాడన్న నమ్మకం పోయింది నాకు."

"ఉన్నాడో లేడో పాస్టరుగారు చూసుకుంటారు, అది ఆయన ఉద్యోగం. నాక్కావలసింది ఊపిరి పీల్చుకునే సందు."

మఫీ మెట్టుకంటిన మట్టిని గోటితో గీకుతూ కూర్చున్నాడు. చివరికి, పాటల బృందం ముందు వరసలో సలోటె నిలబడే చోటు ఖాళీగా ఉంటుంది, అది చూడలేనన్నాడు.

హఫోకాకి ఎగతాళి ఎంత వెతికినా దొరకలేదు. "పుస్తకంలోకి చూడు," అన్నాడు మెల్లగా. "మూడేళ్లు నీ మొహం చూడకుండా నేను నెట్టుకొచ్చింది అలాగే."

మఫీ లేచి గడ్డం గీసుకుని, బట్టలు మార్చుకుని, వాళ్లు వెళ్లేసరికి ప్రసంగం సగమైంది. చర్చి మొత్తం తల తిప్పింది. సహనం గురించి చెబుతున్న పాస్టరుగారు, ఆలస్యంగా వచ్చినవాళ్లని చూసి సహనం లేకుండా దగ్గారు.

పాట మొదలైంది. మొదటి రెండు చరణాలూ మఫీ పెదవులు కదిపాడే గానీ గొంతు రాలేదు. అతని వంతూ హఫోకాయే లాగాడు, మొహం ఎర్రబడేదాకా. మూడో చరణంలో పక్కనుంచి బొంగురుగా ఒక స్వరం అందుకుంది. హఫోకా నోరు మూసుకుని, కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాడు.

మధ్యాహ్నం హఫోకా ఇంట్లో లోసే, చేమాకుల్లో చుట్టి ఉడికించిన మాంసం మఫీ ముందు పెట్టింది. ఉప్పు తక్కువైందన్నాడు మఫీ. హఫోకా ఉప్పు అతనివైపు జరిపాడు.