ఏ బొమ్మ కాడున్నడు?

ఆ వారమంతా లిదియాకు కాలు ఒకచోట నిలవలేదు. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండదు. మిషన్ దవాఖాన రికార్డు గదిలో ఆమెది ఇరవై రెండేళ్ల ఉద్యోగం. ఒకరు చెప్పింది రాయడం, రాసింది బీరువాలో పెట్టడం, అడిగినప్పుడు తీసివ్వడం. ఇన్నేళ్లలో ఆమె తన బుర్రతో, తన చేత్తో చేసింది ఒక్కటే. పసిపిల్లల సూదుల కార్డు.

అంతకుముందున్న కార్డు చీమల బారు. సన్నటి అక్షరాలు, పదహారు గళ్లు. తల్లులు దాన్ని తలకిందులుగా పట్టుకుని వచ్చేవారు. చదువురాని మనిషికి అక్షరమెందుకు, బొమ్మ కావాలి గానీ అనుకుంది లిదియా. బిడ్డ బోర్లపడితే బక్షాలు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు చేసి వాడంతా పంచుకునే ఊరు ఇది. ఆ మెట్లు తెలియని తల్లి ఉంటుందా? అందుకని వరుసగా నాలుగు బొమ్మలు, పక్కన సూది గుర్తులు గీసింది. వెల్లకిలా పడుకున్న బిడ్డ మొదటి సూదికి. బోర్లపడ్డ బిడ్డ రెండోదానికి. కూర్చున్న బిడ్డ మూడోదానికి. అడుగులేస్తున్న బిడ్డ ఆఖరిదానికి. మూడో నెల, నాలుగో నెల, అయిదో నెల, ఏడాదిన్నర అని బొమ్మల కింద సన్నగా రాసింది. తన ఇద్దరు కూతుళ్లూ దిండు ఆసరాతో అయిదో నెలలోనే కూర్చున్నారు, అదే లెక్క.

పెద్ద డాక్టరు రాహేలు ఆ కార్డు చూసి మురిసిపోయింది. పసుపు రంగు అట్ట మీద మూడు వందలు కొట్టించింది. అది ఏప్రిల్ మాట. ఇప్పుడు జూలై, పందొమ్మిది వందల ఎనభై ఒకటి. మొదటి సూదికి వచ్చిన పిల్లల్లో సగం మంది రెండోదానికి తిరిగి రాలేదు.

"నాట్లు పడుతున్నయి గద, అందుకే వస్తలేరు" అంది డాక్టరు. "అయినా ఒక పని చెయ్యి లిదియా. కార్డు ఎట్లున్నదో, ఏమన్న తక్కువున్నదో వచ్చినోళ్లను అడిగి రాసిపెట్టు. వచ్చే వారం బుధవారం ప్రెస్సు వెంకట్రాజం వస్తడు. అయిదు వేలు కొట్టిద్దాం."

అయిదు వేలు! జిల్లా అంతా తన గీత. ఆ మాట విన్నప్పటినుంచే లిదియా కాళ్లు నిలవడం మానేశాయి.

మర్నాడు బుధవారం, సూదుల రోజు. వరండాలో బల్లల నిండా తల్లులు, పిల్లలు. లిదియా నోటుపుస్తకం పట్టుకుని మొదటి బల్ల దగ్గరికి వెళ్లింది. కట్టమ్మ అనే ఆమె మనవరాలిని ఎత్తుకుని కూర్చుంది.

"కార్డు ఎట్లున్నదమ్మా?"

"మంచిగున్నదమ్మా."

"ఏం మంచిగున్నది?"

"అంత మంచిగనే ఉన్నది. మీరిచ్చిన్రు గద!"

"ఏమన్న మార్చాల్నా?"

కట్టమ్మ కార్డును దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "పోరనికి మొల్తాడు లేదేందమ్మా? ఉత్త మొలతోని పండవెట్టిన్రు."

"అది పోరడో, పోరియో ఎట్లెరుక నీకు?" అంది పక్కనున్న బాలింత.

"గీసినామెకు ఎరుక గాదా?" అని కట్టమ్మ అనేసరికి బల్లంతా ఘొల్లుమంది. లిదియా కూడా నవ్వి, మొల్తాడు అని రాసుకుంది.

మనవణ్ణి తెచ్చిన సారయ్య అనే ముసలాయనకు రంగు నచ్చలేదు. "పచ్చగ పెట్టున్రి" అన్నాడు.

"ఇది పచ్చనే గద తాతా?"

"గిది పసుపు. నేననేది చిలుకపచ్చ. కండ్లకు సల్లగుంటది."

ఒకామె కార్డు రైకలో పట్టడం లేదంది, ఇంకొకామె మూలలు గుచ్చుకుంటున్నాయంది. మరొకామె కార్డును కళ్లకద్దుకుని మళ్లీ కొంగున ముడేసుకుంది. పొద్దు వాలేసరికి నోటుపుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి. అన్నీ మెప్పులు, చిన్న చిన్న మార్పులే. లిదియా వాటిని మళ్లీ మళ్లీ చదివింది. సగం మంది ఎందుకు రాలేదో అందులో ఒక్క ముక్క లేదు.

ఇంటికి వచ్చి భర్త రత్నానికి అన్నం వడ్డిస్తూ కూర మరిచిపోయింది. రత్నం కాజీపేట రైల్వే గూడ్సు ఆఫీసులో గుమస్తా. మాటకు ముందు నవ్వే మనిషి.

"ఉత్త అన్నం పెట్టినవు, ఇది గూడ కొత్త డిజైనా?" అన్నాడు.

ఆమె కూర గిన్నె తెచ్చి, కూర్చుని, సంగతంతా చెప్పింది. "అందరు మంచిగున్నదంటాన్రు. మరి సగం మంది ఎందుకు రాకపాయె?"

"వచ్చినోళ్లను అడిగితే ఏం చెప్తరే? చర్చి గేటు కాడ పాస్టరు నిలవడి, ప్రసంగం ఎట్లున్నదని అడిగితే, బాగలేదనేటోడు ఎవడన్న ఉంటడా? రానోని ఇంటికి పోయి అడగాలె."

ఆ మాట సూటిగా తగిలింది. శనివారం ఒంటిపూట డ్యూటీ అయిపోగానే రిజిస్టర్లోంచి రానివాళ్ల చిరునామాలు రాసుకుని, రిక్షా ఎక్కి కరీమాబాద్ వాడకు వెళ్లింది. గొడుగు దవాఖానలోనే మరిచిపోయింది. సన్నగా వాన.

మొదటి ఇల్లు మొగిలమ్మది. మనవడు గడప లోపల బొంత మీద పడుకుని కాళ్లు ఆడిస్తున్నాడు. కార్డు గోడకు, అద్దానికి మధ్య భద్రంగా ఉంది, మచ్చ లేకుండా.

"రెండో సూదికి రాలేదేందవ్వా?"

"వత్తం బిడ్డా, మరువలే. వీడింక బోర్లపడలే" అంది మొగిలమ్మ, ఏదో తెలిసిన సంగతే చెబుతున్నట్టు. "బద్ధకపోడు, వాళ్ల తాత లెక్కనే. బోర్లపడంగనే తోల్కస్త."

లిదియాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "వీనికి ఎన్నో నెల?"

"అయిదు ఎల్లి ఆరు వడ్డది."

"నాలుగో నెలలనే తీసుకరావాలె గదవ్వా. బొమ్మ కింద రాసున్నది!"

"మాకు సదువేడిది? నువ్వు బొమ్మ ఏసినవు, మేం బొమ్మ సూసినం. తప్పా?"

లిదియా గోడకు ఆనుకుంది. తప్పు ఎక్కడుంది? ఆమె చెప్పింది అక్షరాలా నిజం. బోర్లపడ్డ బిడ్డ బొమ్మ వేసి, పక్కన రెండో సూది గుర్తు వేస్తే, బోర్లపడ్డాక రెండో సూది అనే కదా ఎవరైనా చదివేది?

"ఎదురింటి చిలుకమ్మ ఎందుకు వస్తలేదు?" అని అడిగింది, పేర్లు రాసుకున్న కాగితం చూసి.

మొగిలమ్మ గొంతు తగ్గించింది. "దాన్ని అడుగకు బిడ్డా. దాని ముచ్చట వేరు."

అడగకుండా ఎలా ఉంటుంది? ఎదురిల్లు చిన్నది. చిలుకమ్మ భర్త ధాన్యం మార్కెట్లో హమాలీ. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన చీర మడత మీద పిల్లవాడు వెల్లకిలా పడుకుని ఇంటికప్పు చూస్తున్నాడు. పెద్ద కళ్లు. మనిషి అలికిడికి తల తిప్పాడు గానీ ఒళ్లు కదలలేదు.

"దవాఖాన నుంచి వచ్చిన" అంది లిదియా. "కార్డు ఎట్లున్నదో అడుగుదామని..."

చిలుకమ్మ చేతులు ఆగిపోయాయి. లేచి, ట్రంకుపెట్టె జరిపి, కిందినుంచి కార్డు తీసి లిదియా చేతిలో పెట్టింది. "తీస్కపోమ్మా. గిది నాకద్దు."

కూర్చున్న బిడ్డ బొమ్మ ఉండాల్సిన చోట తెల్లటి మరక. గోటితో గీకి గీకి అట్ట పొర లేచిపోయింది.

"మూడు నెలల కింద తోల్కస్తి. ఒక సూది ఇచ్చి గిది చేతుల పెట్టిన్రు" అంది చిలుకమ్మ. మొదట్లో మెల్లగానే మొదలైన గొంతు పోనుపోను గట్టిపడింది. "వాడకట్టు మొత్తానికి ఉన్నయి గీ కార్డులు. నల్లా కాడ నీళ్లు వట్టుకుంట ఒకామె అడుగుతది, నీ కొడుకు ఏ బొమ్మ కాడున్నడే అని. బియ్యం ఏరుకుంట ఇంకొకామె అడుగుతది. అందరి పోరగాండ్లు మూడో బొమ్మ కాడికొచ్చిన్రు. నా కొడుకు మొదటి బొమ్మ కాడ్నే ఉన్నడు. మా అత్తయితే కార్డు చేతుల వట్టుకోని నా దిక్కు చూస్తది, నేనే వాణ్ణి పండవెట్టిన అన్నట్టు. మీ కాడికి తెస్తే మీరు గుడ గదే అడుగుతరు గద? ఏ బొమ్మ కాడున్నడు అని."

లిదియా పిల్లవాడి పక్కన కూర్చుని వేలు అందించింది. వాడు పట్టుకోవాలని చూశాడు, పట్టు జారిపోయింది.

"వీనికి ఎన్ని నెలలమ్మా?" అంది లిదియా.

"పదకొండు అమాసలు."

"అమాసలా?"

"అమాస అమాసకు వీనికి దిష్టి తీస్త గద! ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏస్త. పదకొండు మాట్ల తీసిన. ఏ తల్లి మరుస్తది?"

అంత ఖచ్చితంగా చెప్పగల మనిషికి తాను నెల తెలియదనుకుంది. లిదియా కార్డు సంచిలో వేసుకుని, "బుధవారం తీసుకరా చెల్లె. ఎవ్వరు ఏ బొమ్మ అడుగరు. నేనుంట" అంది. చిలుకమ్మ చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

ఆదివారం ఆరాధనలో లిదియా ఒక్క పాటా సరిగా పాడలేదు. సోమవారం రెండుసార్లు డాక్టరు గది తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మంగళవారం పొద్దున్నే కాఫీ పొంగుతుంటే చూస్తూ నిలబడింది. చెబితే ఏమవుతుంది? అయిదు వేల కార్డులు పోతాయి. పాత చీమల బారే తిరిగి వస్తుంది. ఇరవై రెండేళ్లకు ఒక్కసారి చేసిన పని, అది కూడా తప్పే అని రిజిస్టర్లో పడుతుంది. చెప్పకపోతే? నోటుపుస్తకంలో నాలుగు పేజీల మెప్పు ఉంది. కరీమాబాద్ పేజీలో ఆమె ఇంకా ఏమీ రాయలేదు. వాడ పేరు మాత్రం రాసి వదిలేసింది.

బుధవారం వెంకట్రాజం పదింటికే వచ్చాడు. అచ్చుకు తయారుచేసిన బొమ్మల బ్లాకు గుడ్డలో చుట్టి తెచ్చాడు. డాక్టరు రాహేలు నోటుపుస్తకం తిరగేసి నవ్వింది. "మొల్తాడు పెట్టాల్నట, పెడదాం. చిలుకపచ్చ కావాల్నట. మూలలు గుండ్రంగ కోస్తరా వెంకట్రాజం?"

"కోస్తం డాక్టరమ్మా. జర టైం పడ్తది."

"ఇంకేమన్న ఉన్నదా లిదియా?"

"లేదు డాక్టరమ్మా."

నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అంతలో నర్సు తలుపు తీసింది. వెనుక చిలుకమ్మ, భుజం మీద పిల్లవాడు, వాడి తల ఒక పక్కకు వాలి ఉంది.

డాక్టరు పిల్లవాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి చేతులు పట్టి మెల్లగా లేపింది. తల వెనక్కి వేలాడింది. మోకాలి కింద సుత్తితో తట్టింది, కళ్ల ముందు వేలు ఆడించింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"ఎన్ని నెలలు?"

"పదకొండు."

"పదకొండు నెలల పిల్లగాడు మెడ నిలపకపోతే ఇంట్ల పెట్టుకోని కూసున్నవా? మూడు నెలల కింద సూదికి వచ్చి మళ్ల ఇప్పుడా? ఇన్ని రోజులు ఏం చేసినవు, తల్లివేనా నువ్వు?"

చిలుకమ్మ లిదియా వైపు చూడలేదు. కొంగు పిల్లవాడి పొట్ట మీద సర్దింది.

"ఆమెది కాదు డాక్టరమ్మా" అంది లిదియా. "తప్పు నాది."

డాక్టరు తలెత్తింది. లిదియా సంచిలోంచి గీకిన కార్డు తీసి బల్ల మీద పెట్టింది. మొదట మాటలు తడబడ్డాయి, తర్వాత ఆగలేదు. మొగిలమ్మ మనవడి గురించి, నల్లా దగ్గరి ప్రశ్న గురించి, ట్రంకుపెట్టె గురించి అంతా చెప్పింది. "బోర్లపడితేనే సూది అనుకుంటాన్రు. బోర్లపడనోళ్లు సిగ్గుతోని దాచుకుంటాన్రు. ఎవరిని ముందుగాల చూడాల్నో, వాళ్లనే ఇంట్ల కూసోబెట్టింది నా కార్డు."

"శనివారం తెలిసిందా నీకు?"

"ఆ."

"మరి ఇప్పుడే లేదంటివి గద!"

"నా బొమ్మలు గద డాక్టరమ్మా" అంది లిదియా. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తుడుచుకోలేదు.

వెంకట్రాజం గొంతు సవరించుకున్నాడు. "బొమ్మల కింద నెలలు పెద్దగ ఏస్తే సరిపోదా అమ్మా? బ్లాకు తయారున్నది."

"సరిపోదు" అంది లిదియా, డాక్టరు నోరు తెరవకముందే. "బొమ్మ ఉంటే బొమ్మనే చూస్తరు."

"బ్లాకు తీస్కపో వెంకట్రాజం. ఆర్డరు లేదు" అంది డాక్టరు. తర్వాత చిలుకమ్మ వైపు తిరిగింది. గొంతు మారింది. "కోపం చేసిన, మనసుల పెట్టుకోకు. వీనికి సూది ఇస్త. వారం వారం తీసుకరా, కాళ్లకు చేతులకు ఎట్ల పని చెప్పాల్నో చూపిస్త. నడుస్తడో లేదో ఇప్పుడే చెప్పలేను. అబద్ధం చెప్ప."

చిలుకమ్మ తల ఊపింది. సూది పడగానే పిల్లవాడు గది అదిరేటట్టు ఏడ్చాడు. ఆ ఏడుపు విని ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది.

"రెండో సూది పడ్డది. మూడోదానికి ఎప్పుడు రావాలె?" అని అడిగింది.

లిదియా బల్ల మీదున్న తెల్ల అట్టముక్క తీసుకుని, పెన్సిలుతో గుండ్రంగా గీసి లోపల నల్లగా నింపింది. "గిది అమాస. ఇది పోయినంక వచ్చే బుధవారం."

డాక్టరు కళ్లద్దాలు పైకి తోసింది. "దవాఖాన కార్డు మీద అమాసలా? మిషన్ కమిటీవాళ్లు ఊకుంటరా లిదియా?"

"చంద్రుణ్ణి గుడ దేవుడే చేసిండు గద డాక్టరమ్మా."

చిలుకమ్మ అట్టముక్కను వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"గిదయితే ఎవ్వలు చూసినా ఏమనరు" అంది. మళ్లీ చూసి, ముఖం చిట్లించింది. "కని, చుక్క మరీ చిన్నగున్నదమ్మా. మా అత్తకు కండ్లు కనవడయి. జర పెద్దగ పెట్టు."

లిదియా అట్టముక్క వెనక్కి తీసుకుని, పెన్సిలు మొన నాలుకతో తడి చేసి, మళ్లీ గీయడం మొదలుపెట్టింది.