సగం గిన్నె టీ

నారిన్ కొండల్లోని ఆ జైల్లో సోమవారమంటే పరీక్షల రోజు. పొద్దున్నే ఖైదీలంతా వరసకట్టి, మత్తుమందు జాడ చూడ్డానికి చిన్న డబ్బాల్లో మూత్రం పట్టివ్వాలి. తర్వాత ఒక్కొక్కరే కనిషై అక్క గదిలోకి వెళ్ళాలి. బయటికి వదిలితే మళ్ళీ నేరం చేస్తారో లేదో ఆమె ప్రశ్నలడిగి తేలుస్తుంది.

"డబ్బా అయితే నిండా కావాలి. టీ మాత్రం సగమే పోస్తారు," అని తన వంతుకి గదిలోకొచ్చి కూర్చున్న మైరంబెక్ గొణిగాడు.

"నన్నంటావేంరా? కెటిల్‌ని అడుగు," అంది కనిషై అక్క.

నిజమే, ఆమె తప్పేం లేదు. ఆ కొండల్లో ఇంటికొచ్చిన చుట్టానికి టీ గిన్నె సగమే పోస్తారు, ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే ఇక వెళ్ళమని. ఆ గదిలోని నీలం కెటిల్ మాత్రం పోసేవాళ్ళ చెయ్యి మాట వినదు, తనకి తోచినంతే పోస్తుంది. ఎవరి గిన్నె నిండితే వాళ్ళు ఇంటికి. జైలు పెద్దాయనతో సహా అందరికీ తెలుసు. చారులో ఉప్పు గురించి మాట్లాడుకున్నంత కూడా దాని గురించి మాట్లాడుకోరు.

మైరంబెక్ తాగి ఒకణ్ణి కొట్టి లోపలికొచ్చేనాటికి కూతురు పాకుతోంది. ఇప్పుడు అతని తమ్ముణ్ణే నాన్నా అంటోందట. రేపోమాపో వాళ్ళు గొర్రెలతో పైమేతకి వెళ్ళిపోతారు. మంచు పడేదాకా దిగరు.

"మొదటిసారి పట్టుబడ్డప్పుడు నీకెన్నేళ్ళు?"

"పదిహేను. పోయినసారీ పదిహేనే అక్కా. అడిగినకొద్దీ తగ్గుతాయా?"

"స్నేహితుల్లో జైలుకెళ్ళినవాళ్ళు?"

"ఇక్కడ ఇంకెవరు దొరుకుతారు?"

కనిషై అక్క నవ్వాపుకుని, "బయటికెళ్తే తాగుతావా?" అంది.

ప్రతిసారీ అడిగీ అడగ్గానే తాగనక్కా అనేవాడు. ఈసారి అలా అనలేదు.

"తెలీదక్కా. కలలో తాగుతున్నా. లేచి నా నోరు నేనే వాసన చూసుకుంటున్నా. నాకు నేనంటేనే భయం."

ఆ జవాబిచ్చినవాణ్ణి వదలకూడదు. కనిషై అక్క కాగితం మీద ఎర్ర గీత గీసి, నిట్టూర్చి, కెటిల్ వంచింది. టీ సగానికొచ్చింది. ఆగలేదు. అంచుదాకా వచ్చి నిలిచింది.

"చెయ్యి జారిందా అక్కా?"

"నా చేతిని అదెప్పుడు లెక్కచేసిందిరా?"

నిండు గిన్నె ఇచ్చి మనిషిని ఆపుకునే ఇల్లు ఆ కొండల్లో లేదు. ఆమె ఎర్ర గీత కొట్టేసి విడుదల ముద్ర వేసింది.

మైరంబెక్ తాగాడు. తాగి, అలవాటు కొద్దీ ఖాళీ గిన్నె మళ్ళీ చాచాడు. కెటిల్ వంచితే చుక్క రాలలేదు. అయినా కదల్లేదతను. తెరిచిన తలుపుని గోడని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

"లే తమ్ముడూ," అంది కనిషై అక్క మెల్లగా. "కూర్చున్నవాణ్ణి పొమ్మనాలంటే నాకూ సిగ్గుగానే ఉంది."