సొంతవాళ్ళ అరుపు

ముందు బల్ల వణుకుతుంది. అరుపు ఆ తర్వాత చెవికి చేరుతుంది.

స్టేడియంలో అల్యూమినియం బల్ల. దాని మీద మా ఊరి పెద్దమనుషులు... మొహాలకి ఆకుపచ్చ రంగు పూసుకుని, నోళ్ళు తెరుచుకుని.

లూసియానాలో కాలేజీ ఫుట్‌బాల్ శనివారం అంటే ఇదే — బంతి చేత్తో పట్టి ఆడే అమెరికా ఫుట్‌బాల్. చెరకు కోత ఆగుతుంది. పెళ్ళిళ్ళు ఆగుతాయి.

అరుపు ఆగదు.

నా పక్క సీటు హాలిస్‌గారిది. ఇనపసామాన్ల కొట్టు ఆయనది. ఆట గురించి తెలిసింది తక్కువ. అరవడం తెలుసు. శనివారం కోసం వారమంతా గొంతు దాచుకుంటారు, భార్యతో కూడా మాట్లాడరు. ఆమె అదృష్టం.

"వాళ్ళు ఆడితే సరిపోదు ఒడీల్. మనం అరవబట్టే గెలుస్తున్నాం," అంటారు నాతో.

నా తమ్ముడు లూసియన్ కింద మైదానంలో ఉన్నాడు. వాడు సెంటర్. ముందు వరసలో వంగి, బంతిని కాళ్ళ మధ్య నుంచి, వెనక నిలబడి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి అందిస్తాడు. వెనకనుంచి మాట వినబడాలి — అప్పుడే అందించాలి. ఆ ఒక్క మాట కోసం ఒళ్ళంతా చెవి చేసుకుని ఉండే పని.

అమ్మ పోయాక వాడిని పెంచింది నేనే. ఆ శనివారం వాడి ఆట చూడటానికి పెద్ద జట్టుకి ఆటగాళ్ళని ఏరే మనిషి ఒకాయన వచ్చాడు. గోధుమరంగు కోటు. అంత జనంలో అరవనిది ఆయనొక్కడే.

బంతి అవతలి జట్టు దగ్గరున్నంతసేపూ మావాళ్ళు అరిచారు. సరే, అది ఆటలో భాగమే. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్ మీద అరచేతులు అదుముకుని గొంతు చించుకున్నాడు. పక్కవాడికి వినపడలేదు. వాళ్ళ వరసలో ఒకడు ముందే కదిలి పెనాల్టీ తెచ్చుకున్నాడు. హాలిస్‌గారు లేచి చుట్టూ చూశారు... వాణ్ణి తానే తోసినట్టు.

ఆఖరి నిమిషం. బంతి మాది. నాలుగు పాయింట్లు వెనకున్నాం. దాటితే గెలుపే అనే గీతకి మూడు గజాల దూరం.

ఇప్పుడు నోరు మూయాలి. సొంత జట్టు ఆడేటప్పుడు ఊరుకోవాలి. మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు.

కానీ పెద్ద తెర మీద అరుపు కొలిచే ముల్లు పైకెక్కుతోంది. పక్క ఊరి కాలేజీ రికార్డుకి వెంట్రుకవాసి తక్కువ. మైకులో ఎవడో "ఇంకొంచెం... ఇంకొంచెం" అన్నాడు.

గట్టు తెగింది. బురద నది. ఎక్కడికి పోతుందో దానికే తెలియని నది.

మా క్వార్టర్‌బ్యాక్ టక్కర్ రెండు చేతులూ కిందికి ఊపాడు. ఆగమని. కుక్కకైనా అర్థమయ్యే సైగ. మా జనం తమకి దణ్ణం పెడుతున్నాడనుకున్నారు.

ఎదుటివాళ్ళు చోట్లు మారారు. టక్కర్ అది చూసి, ఎత్తు మార్చమని అరిచాడు. నోరు తెరుచుకోవడం నాకు కనిపించింది. అంతే.

లూసియన్ వంగే ఉన్నాడు. కాళ్ళ సందులోంచి వెనక్కి చూశాడు. టక్కర్ కాలు లేచింది.

పై ఊళ్ళలో, మాట వినపడని చోట, కాలెత్తడమే బంతి ఇవ్వమని వాళ్ళకి గుర్తు. సొంత ఊళ్ళో ఎప్పుడూ వాడలేదు. వాడాల్సిన అవసరం రాలేదు.

టక్కర్ పక్కవాడి చెవిలో చెబుదామని అడుగేశాడు, అంతే. లూసియన్ బంతి ఇచ్చేశాడు. అక్కడ ఎవరూ లేరు. బంతి గడ్డి మీద పడి దొర్లింది. అవతలివాళ్ళు దాని మీద పడ్డారు.

సరిగ్గా అప్పుడే ముల్లు రికార్డు దాటింది.

బంతి పోయింది — సగం జనం తెర చూసి చిందులేస్తున్నారు. ఓడిపోయామని తెలియడానికి కాసేపు పట్టింది. తెలిశాక, ఆ నోళ్ళే నా తమ్ముడి పేరెత్తి బూతులు తిట్టాయి.

హాలిస్‌గారు నావైపు తిరిగారు. "మీ తమ్ముడికి చెవుడా ఏంటమ్మా?"

"లేదండీ. మీరు బాగా వినిపించారు," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. గొంతు బిళ్ళ ఒకటి నోట్లో వేసుకున్నారు.

గోధుమరంగు కోటాయన చెప్పకుండా వెళ్ళిపోయాడు. తర్వాత ఫోనూ లేదు. విలేకరులు అడిగితే లూసియన్ తప్పు తనదే అన్నాడట. కారులో వాడిని తిట్టాను, ఆ జనం సంగతి ఎందుకు చెప్పలేదని. వాడు కిటికీలోంచి, ఆకు కాలుస్తున్న చెరకు తోటల పొగ చూస్తూ కూర్చున్నాడు.

"మనకోసమేగా అక్కా అరిచింది," అన్నాడు.

మనకోసమా... వాళ్ళకి కావలసింది గెలుపు కాదు. తమ గొంతు తమకి వినపడటం.

సీజన్ ఆఖరి ఆట రోజు, కాలేజీ వదిలి వెళ్ళేవాళ్ళని ఒక్కొక్కరినీ ఇంటివాళ్ళతో మైదానం మధ్యకి పిలుస్తారు. అంతకుముందే జనానికి ఫలకం ఇచ్చారు, అరుపు రికార్డుకి. అందరి తరఫునా హాలిస్‌గారు అందుకుని ముద్దు పెట్టుకున్నారు.

తర్వాత లూసియన్ పేరు. వాడి చెయ్యి పట్టుకుని నడిచాను. తిడతారనుకున్నాను.

లేచి నిలబడ్డారు. అరిచారు — ప్రేమగా, కళ్ళు తుడుచుకుంటూ, ఏమీ జరగనట్టు. ముంచిన ఇల్లు వరదకి గుర్తుంటుందా...

మధ్య గీత దగ్గర లూసియన్ ఆగాడు. హెల్మెట్ తీసి నావైపు తిరిగాడు. ఏదో అన్నాడు. నాలుగైదు మాటలు. పెదవులు కదలడమే కనిపించింది.

"ఏంట్రా?" అన్నాను.

వంగి, నా చెవి దగ్గర మళ్ళీ చెప్పాడు. ఊపిరి వెచ్చగా తగిలింది. మాట తగల్లేదు.

తల ఊపాను.

విన్నట్టు.