కొట్టేసిన పేరు

అయినా ఒక్క మీట నొక్కితే మనిషి లేకుండా పోవడమేటి, కత్తి లేదు, నెత్తురు లేదు, కళ్ళజోడువాడొకడు చీకటి గదిలో కూర్చుని టకటకా కొట్టాడు, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి, అంతే, ఆ పెద్దమనిషి బ్యాంకులో లేడు, ఆస్పత్రిలో లేడు, పోలీసులు కూడా వెతికి చూసి నీ పేరున ఎవరూ లేరు పొమ్మన్నారు, నిన్న మధ్యాహ్నం కామాక్షమ్మ ఇంట్లో కేబుల్లో వచ్చింది ఆ ఇంగ్లీషు సినిమా, మాటలు హిందీలో పెట్టారు కాబట్టి కన్నమ్మకి సగం అర్థమైంది, అర్థం కాని సగమే గుండెలో తిరుగుతోంది, కామాక్షమ్మ మాత్రం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, ఏటొదినా అలా బిగుసుకుపోనావు, ఆ దొరలు మన పేర్లు చెరపడానికి ఈ క్యాంపు టూ బస్తీ దాకా వస్తారేటి, మన సందులోకి ఆటోయే రాదు, అని నవ్వింది, నిన్న తనూ నవ్వింది, ఇప్పుడు మాత్రం చేటలో బియ్యం చేటలోనే ఉన్నాయి, చెయ్యి కదలడం లేదు, మనవరాలు జ్యోతి ఇప్పుడే పనిలోంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, ఇంత కొత్తిమీర తెచ్చాను అన్నంత తేలిగ్గా, అమ్మమ్మా, ఈవేళతో మన వీధి అయిపోయింది, ఆదిశేషు మామయ్య పేరు కూడా కొట్టేశాను, అనేసి, తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి పోయింది.

కొట్టేసింది, ఓటర్ల జాబితా అంతా పాత పుస్తకాల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారని, సుపేలా బజారులో తను పనిచేసే దుకాణానికి ఆ పని వచ్చిందని జ్యోతి నెల్లాళ్ళ కిందటే చెప్పింది, ఎక్కించడమనుకుంది కానీ ఏరివేయడం అనుకోలేదు కన్నమ్మ, పేరు కొట్టేయడమంటే తెలీనిదా తనకి, మూడేళ్ళ కిందట భర్త అప్పలసూరి పోయాక ఓటర్ల పనికి వచ్చే జగ్గయ్య మాస్టారు జాబితా పట్టుకుని వచ్చి, జేబులోంచి చిన్న స్కేలు తీసి, ఎర్ర సిరాతో వంకర లేకుండా గీత గీసి, ఆయన పేరు కొట్టేశానమ్మా, అన్నాడు, ఉక్కు కార్ఖానాలో కోక్ ఓవెన్ల వేడికి ముప్ఫై ఏళ్ళు ఎదురు నిలిచినవాడు బెత్తెడు గీత కింద ఒదిగిపోయాడు, అయినా తను నొచ్చుకోలేదు, ఆయన కళ్ళు తన చేత్తోనే మూసింది, సాగనంపింది, పోయినవాడి పేరు పోవడం న్యాయమే, కానీ దాని కింద కొడుకు ఆదిశేషు పేరుంది, వీడో అమ్మా అని మాస్టారు అడిగితే, డ్యూటీకెళ్ళాడు బాబూ, అంది, అంతకు ముందు వచ్చినాయనకీ అదే చెప్పింది, ఆ ముందాయనకీ అదే, ఇప్పటికి పద్నాలుగేళ్ళ డ్యూటీ, మాస్టారికి తెలుసు, వీధికంతా తెలుసు, ఆయన స్కేలు జేబులో పెట్టుకుని పక్కింటికి నడిచాడు.

వాడు ఇల్లు వదిలిన రోజు తండ్రి వాడి మీద చెయ్యి చేసుకున్నాడు, పెద్ద కారణం కూడా కాదు, కంచం ముందునుంచి లేచి, అమ్మా నా చొక్కా ఆరిందా అని అడిగాడు ఆదిశేషు, ఇంకా తడిగానే ఉందిరా అంటే ఆ తడి చొక్కానే తొడుక్కుని వెళ్ళాడు, చరోదా రైల్వే యార్డులో గూడ్సు బండి పక్కన చూశామన్నారు ఎవరో, ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు, ఉత్తరం లేదు, శవం లేదు, పొట్లాల కాగితాల మీద తెలుగు నేర్చుకున్న తను దుకాణాల బోర్డులు చూసి హిందీ అక్షరాలు కూడా కూడబలుక్కున్నది ఇందుకే, ఎన్నికలప్పుడు బడి గోడకి అంటించిన జాబితాలో వేలు పెట్టి వెతుక్కుంటే వాడు దొరికేవాడు, ఉన్నాడు అని ప్రభుత్వం అన్నట్టుండేది, ఉన్నాడు కాబట్టే రాస్తారు, ఇంక ఏ గోడ దగ్గరికి పోవాలి, జ్యోతి తల్లి సీత చెప్పి ఉంటుంది, వైశాలి నగర్‌లో అత్తారింటి నుంచి వచ్చినప్పుడల్లా ఎన్నాళ్ళమ్మా ఈ అబద్ధం అని సణిగేది, సొంత అన్న అని కూడా చూడకుండా కూతురి చేత ఈ పని చేయించింది, సినిమాలో ఆ కళ్ళజోడువాడు పగవాడి పేరు చెరిపాడు గానీ ఇంటివాడిది కాదు, అదే సినిమాలో ఇంకొకడు లేని మనిషిని ఉన్నట్టు రాసి జైలుకు పోయాడు, మరి తను చేసిందేటి, గుమ్మంలో నిలబడి డ్యూటీ డ్యూటీ అని, కంప్యూటరు లేదు గానీ నేరం అదే కదా, అయితే పట్టుకుపొండి, నన్ను పట్టుకుపొండి, వాణ్ణి ఉంచండి.

ఎందుకు కొట్టేశావే, నీకేటి అడ్డొచ్చాడే వాడు, అన్న గొంతు తనదే అని కన్నమ్మకి తెలిసేసరికి జ్యోతి ముఖం తుడుచుకోవడం ఆపి నిలబడిపోయింది, క్యా హువా అమ్మమ్మా, ఎవరికి ఏమైంది, అంది, చిన్నప్పుడు నిన్ను భుజాన మోసినవాడే వాడు, వాడి పేరు మీద గీత ఎలా గీశావే, అరే, గీతేంటి అమ్మమ్మా, కొట్టేశానంటే టైపు కొట్టేశాననీ, ఎక్కించేశాననీ, చెరిపేశానని కాదు, మా దుకాణంలో అందరం ఇలాగే అంటాం, ఆ వీధి కొట్టేశావా, ఈ వీధి కొట్టేశావా అని, నువ్వూ నీ కామాక్షమ్మా సినిమాలు చూడ్డం మానండి బాబా, అని నవ్వబోయి, అమ్మమ్మ ఏడవడం చూసి నవ్వు ఆపేసి, సంచిలోంచి అంచులకి చిల్లులున్న పొడుగాటి కాగితం తీసింది, సిరా సరిగ్గా పడలేదని పారేస్తే నీకోసమే తెచ్చాను, చూడు.

చూసింది, వేలు పెట్టి, ఒక్కో అక్షరమూ చుక్కలు చుక్కలుగా ఉంది, ఆ, ది, శే, షు, ఉన్నాడు, తండ్రి అప్పలసూరి, ఆయనా ఉన్నాడు, కొడుకు పక్కన, కళ్ళు తుడుచుకుని వేలు ఇంకా జరిపితే అంకెలు వచ్చాయి, ఇదేటే, నలభై ఒకటి అని కొట్టావు, తప్పు, వాడికి ఇరవై ఏడు, జ్యోతి పక్కన కూర్చుని మెల్లిగా, పాత పుస్తకంలో ఇరవై ఏడే ఉంది అమ్మమ్మా, అది ఎనభై నాలుగు నాటిది, మిషను అందరికీ పద్నాలుగు కలిపేస్తుంది, ఇదిగో నువ్వు, అరవై ఆరు, తప్పేం లేదు, అంది.

నలభై ఒకటి, నలభై ఒకటికి అప్పలసూరికి చెవుల పక్కన నెరిసింది, పొట్ట వచ్చింది, కళ్ళ కింద సంచులు దిగాయి, ఆ నెరుపు తీసి కొడుకు తలకి పెట్టబోతే అంటుకోవడం లేదు, ఆ ఒత్తు జుట్టూ ఆ సన్నటి మెడా అలాగే ఉన్నాయి, సందు మొగలో ఎవరైనా కనబడితే ఇన్నాళ్ళూ తను వెతికింది ఆ మెడనే, కుర్రాడైతే కళ్ళు చికిలించి చూసేది, నడివయసు వాడైతే చూపు తిప్పేసుకునేది, ఎంతమంది నడిచారో ఈ గుమ్మం ముందు నుంచి, పోయిన వేసవిలో అలాంటివాడొకడు మంచినీళ్ళు అడిగితే చెంబు అందించింది, తాగి, చెంబు గట్టు మీద పెట్టి, కాసేపు నిలబడి వెళ్ళాడు, ముఖం చూడలేదు తను, వాడే అని కాదు, వాడు కాకపోవచ్చు, కానీ చూడలేదు, పేరు పోతుందని పద్నాలుగేళ్ళు కాపలా కాసింది గానీ ఆ పేరున్నవాణ్ణి ఒక్క రోజు కూడా పెరగనివ్వలేదు, ఎక్కడో వాడి జుట్టు నెరిసి ఉంటుంది, ఇంటి దారి వాడికి గుర్తే ఉంటుంది, వచ్చి ఈ గుమ్మంలో నిలబడినా, తను చేట పక్కన పెట్టి, తలెత్తి, ఎవరు కావాలి బాబూ, అనే అడుగుతుంది.