పడమర తిరిగిన సిపాయి

ఉదయగిరి బస్టాండులో దిగి ఖలీలుల్లా ఇల్లు ఎక్కడని అడిగితే, "నిదర సిపాయోళ్ల ఇల్లా?" అని తిరిగి అడుగుతారు. అందులో వెక్కిరింత ఏమీ ఉండదు. ఎనభై ఏళ్లుగా ఆ ఇంటికి అదే గుర్తు. పోస్టుమ్యాన్లు ఎందరో మారారు గాని గుర్తు మారలేదు.

ఆ సిపాయి ఖలీలుల్లా అమ్మ జీనత్ తండ్రి, పేరు సైఫుల్లా. రెండో ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు ఎడారికి పోయాడు. కాపలా వేళ నిద్రపోయాడని మిలిటరీ కోర్టు ఆరు నెలల జైలు వేసి, ఉద్యోగం తీసేసి ఇంటికి పంపింది. నేను నిద్రపోలేదు, నమాజులో ఉన్నాను అని ఆయన చనిపోయేదాకా చెప్పాడు. నమ్మింది కూతురు ఒక్కతే. ఆమెకిప్పుడు ఎనభై నాలుగేళ్లు.

ఆత్మకూరు కాలేజీలో చరిత్ర చెప్పే సుకన్య, ఈ వైపు సిపాయిల మీద పుస్తకం రాస్తూ పాత కోర్టు మార్షల్ ఫైళ్లు తెప్పించింది. సైఫుల్లా కేసు దొరికిందని ఆమె ఫోను చేయగానే ఖలీలుల్లా మోటారు వైండింగ్ షాపు మూసి ఆత్మకూరు బస్సెక్కాడు.

"పేరు తీసెయ్యండి మేడం," అన్నాడు కూర్చోకుండానే. "ఊర్లో ఉండేది చాలదా? మళ్లా పుస్తకంలో కూడా ఎందుకు? మా అమ్మ బతికుండాది."

"నువ్వు వద్దంటే తీసేస్తా అన్నా. ముందు కూర్చో. నీ తాతది, ఒకసారి విను."

"ఏంది వినేది? శిక్ష వేసినోళ్లు రాసుకున్న కాగితమే కదా."

"అందుకే తీర్పును నేను పెద్దగా పట్టించుకోను. కానీ వాళ్లు శిక్ష వెయ్యడానికి అడ్డమైనవన్నీ అడిగి రాసుకున్నారు. బూట్లు యాడుండాయి, మొహం ఎటుండాది అని. నాకు కావాల్సింది అవే."

ఖలీలుల్లాకు ఈ మాట మనసుకు పట్టింది. కాలిన మోటారు తెచ్చిన ప్రతి రైతూ వోల్టేజీ మీద నేరం మోపుతాడు. ఖలీలుల్లా తల ఊపి మోటారు విప్పుతాడు. బోరులో నీళ్లు లేకుండా తిరిగిందో లేదో లోపల తెలుస్తుంది. అతను కూర్చున్నాడు.

సుకన్య ఇంగ్లీషు కాగితాలను తెలుగులో చెబుతూ పోయింది. మొదటి సాక్షి హవల్దారు. తెల్లవారుజామున తను పోయేసరికి సిపాయి మోకాళ్లు ముడిచి, నుదురు నేలకు ఆనించి ఉన్నాడు. బూట్లు విప్పి ఉన్నాయి. తుపాకి పక్కన నేల మీద ఉంది. భుజం పట్టి కుదిపేదాకా పలకలేదు.

"నమాజులో ఉంటే ఎట్ల పలుకుతాడు?" అన్నాడు ఖలీలుల్లా.

"మీ తాత కూడా అదే చెప్పినాడు. అప్పుడు కోర్టు పటాలం మౌల్వీని పిలిపించింది. ఆయనది పంజాబు. ఇక్కడ మక్కా ఏ దిక్కున అని అడిగితే ఆగ్నేయం అన్నాడు. హవల్దారును మళ్లీ పిలిచి ముద్దాయి మొహం ఎటుందని అడిగినారు. పడమరకు అన్నాడు. అంతే అన్నా, అక్కడే కేసు పోయింది."

"పడమరకా?"

"పడమరకే. ఎందుకు అటు తిరిగినావని కూడా అడిగినారు. 'నమాజు ఎప్పుడూ పడమరకే' అన్నాడంట. మొండివాడు, అబద్ధం మీద నిలబడినాడు అని రాసినారు."

ఖలీలుల్లా కుర్చీ ముందుకు లాక్కున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఆయన ఈజిప్టుకు పోయి ఎన్నాళ్లయింది అప్పటికి?"

సుకన్య పేజీలు తిప్పింది. "తొమ్మిది దినాలు."

"మేడం, మనకు మక్కా పడమర కదా, మా ఊర్లో ఏ మసీదుకన్నా పోండి, పడమరకే నిలబడతారు. పొద్దున నమాజులో వెలుగు వీపున తగలాల. నడక వచ్చిన కాడి నుంచి అంతే. నిదరపొయ్యేవోడు ఎటు పడితే అటు ఒరుగుతాడు. బూట్లు విప్పి, తెల్లారే దిక్కుకు వీపు పెట్టి, పడమరకు తల ఆనించేది ఉదయగిరోడే."

"ఎన్నిసార్లో చదివినా దీన్ని," అంది సుకన్య. "తప్పు దిక్కు అనే అనుకున్నా."

"తప్పే మేడం. కానీ అది మా ఊరి తప్పు."

తెలియక వేరే దిక్కుకు చేసిన నమాజు చెల్లుతుందని పెద్దలు చెబుతారు. ఆ మౌల్వీకి కూడా తెలిసే ఉండాలి. అయితే ఆయన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగనిది రికార్డులో ఉండదు.

"నిద్రపోలేదని నేను తేల్చి రాయలేనన్నా," అంది సుకన్య. "తీర్పు ఇది, సాక్ష్యం ఇది, ఉదయగిరిలో నమాజు ఈ దిక్కుకు అని రాస్తా. అది కూడా మీ అమ్మ సరేనంటేనే."

సాయంత్రానికి ఖలీలుల్లా ఇల్లు చేరి, తల్లి మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాడు. జీనత్ కళ్లు మూసుకుని విన్నది. పడమర దగ్గర తెరిచింది.

"తుపాకి యాడ పెట్టినాడన్నావు?"

"కింద, పక్కన."

"కాపలా పెడితే తుపాకి కింద పెట్టి నమాజుకు వంగినాడా?" జీనత్ లేచి కూర్చుంది. "అది తప్పు కదరా. శత్రువు వస్తే? దానికి ఆరు నెలలు వేసింటే నేను ఒక మాట అనేదాన్ని కాదు. నిదరకు వేసినారు చూడు, అది అన్యాయం."

"అయితే పేరు తీసెయ్యమని చెప్పేదా?"

"ఎందుకు తియ్యాల? షేక్ సైఫుల్లా అని నిండుగా వెయ్యమను. బొమ్మ కూడా వెయ్యమను."

ఇనప పెట్టెలో బట్టల అడుగు నుంచి ఆమే ఫొటో తీసింది. ఆయనది ఉన్నది అదొక్కటే, జీనత్ పెళ్లినాడు తీసింది. ఖలీలుల్లా దాన్ని లైటు కిందికి తీసుకుపోయాడు. ఇద్దరూ చూశారు. ఫ్లాష్ వెలుగుకేమో, ఆయన కళ్లు రెండూ మూసుకుని ఉన్నాయి.

"ఇది మాత్రం ఇయ్యబాకరా," అంది జీనత్.

పేరు ఉంచమని ఖలీలుల్లా సుకన్యకు ఫోను చేసి చెప్పాడు. ఫొటో ఏదైనా ఉందా అని ఆమె అడిగింది. లేదన్నాడు. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు తర్వాత ఆ అబద్ధానికి క్షమాపణ అడుక్కుని, ఫొటోను మళ్లీ బట్టల అడుగున పెట్టాడు.